మందు లేని సూది

ఒక్క ముక్కలో

హారిక డబ్లిన్ పక్కన సిటీవెస్ట్‌లో ఉంటుంది. ఫిజియోథెరపీ చదివి కొత్తగా ఉద్యోగంలో చేరింది. పోయిన నెల నాకు ఫోన్ చేసి, బాగున్నారా అన్న మాట పూర్తి కాకముందే అసలు సంగతి అడిగేసింది.

"ఆంటీ, ఆక్యుపంక్చర్ కోర్సు ఉంది, వీకెండ్స్‌లో. జాయిన్ గావాల్నా వద్దా? అసలు అది పనిచేస్తదా? యెస్సా, నోనా, ఒక్క ముక్కలో చెప్పండి."

ఇరవై రెండేళ్ళు మనుషుల ఒంట్లో సూదులు గుచ్చినదాన్ని. ఎవరైనా ఇంత సూటిగా అడిగితే నా దగ్గర జవాబు సిద్ధంగా ఉండాలి. లేదు. "పని చేస్తుంది" అనబోయి ఆగాను. "చెయ్యదు" అనడానికి మనసు రాలేదు. చివరికి "రాసి పంపిస్తానులే" అని తప్పించుకున్నాను. ఆ రాత ఇది. హారికతో పాటు ఈ పనిలోకి వచ్చే మిగతా పిల్లలు కూడా చదువుకోవచ్చు. చదివాక మీకేమైనా తేలితే నాకు చెప్పండి. నాకైతే రాస్తున్నకొద్దీ గందరగోళం ఎక్కువవుతోంది.

నేను గుంటూరులో ఫిజియోథెరపీ చేసి ఐర్లండ్ వచ్చాను. మొదట ఒక ఆసుపత్రిలో చేశాను. తరవాత ఎన్నిస్‌లో ఒక జీపీ క్లినిక్ మేడమీద చిన్న గదిలో సొంతంగా చూశాను. జీపీ అంటే ఇక్కడ కుటుంబాన్ని చూసే డాక్టరు. మందులూ ఇంజెక్షన్లూ కింద ఆవిడ పని. వ్యాయామాలూ సూదులూ పైన నా పని. ఈ కింద, పైన అన్న తేడా గుర్తుపెట్టుకోండి, ముందు ముందు అవసరం పడుతుంది.

నా ముఖం చూసి ఇక్కడివాళ్ళు చాలామంది, ఈ సూదుల విద్య నేను మా ఊరినుంచి తెచ్చాననుకునేవాళ్ళు. "మీ పూర్వీకుల విద్య కదా" అని భక్తిగా అడిగేవాళ్ళు. నేను నేర్చుకున్నది లిమరిక్‌లో, ఒక హోటల్ మీటింగు హాల్లో. నేర్పినాయన కెర్రీ జిల్లా ఐరిష్ మనిషి. ఆ మాట చెబితే వాళ్ళ ముఖాలు కాస్త వాడిపోయేవి. మొదట్లో చెప్పేదాన్ని. తరవాత తరవాత నవ్వి ఊరుకునేదాన్ని. అది నా మొదటి తప్పు అనుకోండి. నమ్మకం వల్ల నొప్పి తగ్గుతుందేమోనని నాకు అప్పటికే అనుమానం ఉండేది.

గ్రాండ్ అన్న మనిషి

కోర్సు పూర్తయిన కొత్తలో ఆసుపత్రికి ప్యాట్సీ అని ఒక రైతు వచ్చాడు. ఆరడుగుల మనిషి, మెడ పట్టేసింది. కుర్చీలో కూర్చోబెట్టి, మెడ వెనకా భుజాలమీదా ఆరు సూదులు పెట్టాను. ఇవి ఇంజెక్షన్ సూదుల్లా లావుగా ఉండవు, లోపల గొట్టం ఉండదు, మందు ఉండదు. వెంట్రుక కన్నా కొంచెం లావు, అంతే. గుచ్చినచోట చురుక్కుమనదు. లోపల బరువుగా లాగినట్టుంటుంది. ఆ లాగుడు వచ్చిందా అని అడుగుతూ ఉండాలి.

"ఎలా ఉంది ప్యాట్సీ?"

"గ్రాండ్."

రెండు నిమిషాల తరవాత మళ్ళీ అడిగాను.

"గ్రాండ్, గ్రాండ్."

మూడోసారి అడిగేలోపల ఆ ఆరడుగుల మనిషి కళ్ళు తేలేసి కుర్చీలోంచి నేలమీదికి జారిపోయాడు. సూదులు మెడలోనే ఉన్నాయి. నేను తెలుగులో అరిచాను, ఏమని అరిచానో నాకు గుర్తు లేదు. పక్కగదిలోంచి మా బాస్ నోరీన్ పరుగెత్తుకొచ్చి, సూదులు తీసి, ఆయన కాళ్ళు ఎత్తిపట్టింది. నిమిషంలో లేచాడు. "క్షమించాలి, మిమ్మల్ని ఇబ్బంది పెట్టాను" అన్నాడు, పడిపోయిన మనిషి.

ఆ సాయంత్రం నోరీన్ నాకు రెండు సంగతులు చెప్పింది. మొదటిసారి ఎవరికైనా సరే, పడుకోబెట్టాకే సూది పెట్టాలి. రెండోది, ఈ దేశంలో గ్రాండ్ అంటే బాగుందని కాదు, దయచేసి ఇంక అడగొద్దు అని. "ఎంత నొప్పిగా ఉంది అని అడిగితే ఎవరూ నిజం చెప్పరు. ఆ నొప్పి ఏం పని చెయ్యనివ్వడం లేదో అడుగు" అంది.

నా ఉద్యోగ జీవితంలో ఎవరైనా నాకు ఇచ్చిన మంచి సలహా అదొక్కటే. మా నోరీన్ పొగడ్త ఎరగదు. ముక్కుసూటి మనిషి. అయినా ఆమెలాంటి బాస్ దొరికితే వదలకండి.

తప్పు మోకాలు

ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

మౌరా అని రిటైరైన టీచరు, కుడి మోకాలి నొప్పి. మెట్లు దిగలేకపోతోంది. ఒకరోజు వరసగా పేషెంట్లు, హడావుడి. ఆమె బోర్లా పడుకున్నప్పుడు వెనకవైపు పని చేశాను, వెల్లకిలా తిరగమన్నాను, తిరిగింది. నేను అదే పక్కన నిలబడి, ఎదురుగా ఉన్న మోకాలి చుట్టూ సూదులు పెట్టేశాను. అది ఎడమది. ఆమె కళ్ళు మూసుకుని ఉంది. సాయంత్రం నోట్సు రాసేటప్పుడు తెలిసింది.

వారం తరవాత మౌరా వచ్చింది. మెట్లమీద కమ్మీ పట్టుకోకుండా వచ్చింది. "ఇన్నేళ్ళలో ఇంత హాయిగా ఎప్పుడూ లేదు. నీ చేతిలో ఏదో ఉందమ్మా" అంది.

నోరీన్‌కి చెప్పేశాను. ఆమె నవ్వలేదు, కోప్పడలేదు.

"నోట్సులో రాయి. తరవాత ఆమెకి ఫోన్ చేసి చెప్పు."

"చెబితే నొప్పి మళ్ళీ వస్తే?"

"రావచ్చు. అయినా అది ఆమె మోకాలు, నీది కాదు."

ఫోన్ చేశాను. మౌరా పకపకా నవ్వింది. "రెండు కాళ్ళూ నావే కదా, పర్వాలేదు" అంది. పదిహేను రోజులకి మళ్ళీ కుంటుతూ వచ్చింది. ఈసారి కుడి మోకాలికే, రెండుసార్లు చూసుకుని, ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టాను. ఏమీ తగ్గలేదు.

నేను తల పట్టుకు కూర్చున్నాను. తప్పుగా పెట్టిన సూది తగ్గించింది, సరిగా పెట్టింది తగ్గించలేదు. మధ్యలో జరిగింది నేను నిజం చెప్పడం ఒక్కటే. కానీ ఒక్క మోకాలిని చూసి ఏమీ తేల్చకూడదు. మోకాళ్ళ నొప్పి తనంతట తానే వస్తుంది, తనంతట తానే పోతుంది. ఆ వారం ఎండ కాసింది, తరవాతి వారం వాన పడింది. ఏది కారణమో ఎవరు చెప్పగలరు? నేను చెప్పలేను.

రత్నమ్మగారి ముడి

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. కోవిడ్ రోజులు, రెండో ఏడు మొదట్లో. లాక్‌డౌన్‌లోనూ ఫిజియోలు పేషెంట్లని చూడవచ్చన్నారు కాబట్టి నేను నా గదిలోనే ఉన్నాను. కిటికీ బార్లా తెరిచి, స్వెట్టరుమీద ఏప్రను, ముఖానికి మాస్కు, దానిమీద ప్లాస్టిక్ తొడుగు. ఊపిరి తీస్తే ఎదుటి మనిషి మసకబారిపోయేది. ఏం మాట్లాడినా గొంతు ఎక్కడో డబ్బాలోంచి వచ్చినట్టుండేది.

రత్నమ్మగారు అప్పటికి డెబ్బై దాటిన మనిషి. తెనాలి దగ్గరివాళ్ళు, క్రైస్తవులు. కూతురు సునీత ఎన్నిస్ బయట ఒక వృద్ధాశ్రమంలో నర్సు. అల్లుడు రోజూ షానన్ వెళ్ళి పనిచేసి వస్తాడు. రత్నమ్మగారికి ఎడమ భుజం పట్టేసింది. చెయ్యి చెవిదాకా కూడా లేవదు.

నోరీన్ నేర్పినట్టే అడిగాను. "ఈ నొప్పి మిమ్మల్ని ఏం చెయ్యనివ్వట్లేదండీ?"

"ముడేసుకోలేకపోతన్నానమ్మా" అన్నారామె. "రెండు చేతులూ యెనక్కి పోవాలి గదా. సునీత ఉన్నప్పుడు అదే యేసేది. ఇప్పుడది ఇంటికి రాదయ్యె."

సునీత పనిచేసే చోట ముసలివాళ్ళు ఒకరి తరవాత ఒకరు జబ్బు పడ్డారు. అది తల్లికి అంటించకూడదని, ఆ అమ్మాయి మరో ఇద్దరు నర్సులతో కలిసి వేరే ఇంట్లో ఉంటోంది. అప్పటికి పది నెలలు. వారానికోసారి వచ్చి కిటికీ బయట నిలబడేది. తల్లి లోపల, కూతురు వానలో గొడుగేసుకుని బయట. ఇద్దరూ ఫోన్లలో మాట్లాడుకునేవాళ్ళు. రత్నమ్మగారు జుట్టంతా రబ్బరుబ్యాండుతో బిగించి, పైన కండువా చుట్టుకుని నా దగ్గరకి వచ్చేవారు. అల్లుడి చేత జడ వేయించుకోను కదా అని నవ్వేవారు.

సునీతకి ఆసుపత్రుల వాళ్ళతోపాటే టీకా పడింది. తల్లికి కూడా పడి రెండు వారాలయితే ఇంటికొచ్చేస్తానని మాట ఇచ్చింది. రెండో డోసు దాకా ఉండలేనంది. రత్నమ్మగారు ఆ రోజుకోసం కేలెండరు చూసుకుంటూ కూర్చున్నారు. మేం ఏం మాట్లాడుకున్నా చివరికి అక్కడికే వచ్చేది. "నాకా సూది పడితే మా సునీత ఇంటికొచ్చిద్దమ్మా."

సూది. ఆ మాట దగ్గరే అంతా జరిగింది.

మొదటి రోజు ఆమె నా సూదుల్ని చూసి భయపడ్డారు. భయం పోగొడదామని నేను, "ఏం లేదండీ, డాక్టర్లు వేసే సూదే. ఇంకా సన్నం" అన్నాను. అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. ఆమె నన్ను డాక్టరమ్మా అనేవారు. నేను డాక్టర్ని కాదని ఒకటి రెండుసార్లు చెప్పి, వినకపోతే ఊరుకున్నాను. అవతల సునీతకి ఇంకో బాధ. వ్యాక్సిన్ గురించి ఎవరెవరో పంపిన వీడియోలు చూసి తల్లి హడలిపోయింది. అందుకని ఆ అమ్మాయి ఇంట్లో వ్యాక్సిన్ అన్న మాటే ఎత్తడం మానేసి, సూది అనడం మొదలుపెట్టింది. కింద ఉండే జీపీ కూడా ఆడమనిషే. కాబట్టి కూతురు ఫోన్లో చెప్పింది ఇదీ. "గురువారం పదకొండింటికి డాక్టరమ్మ దగ్గరకెళ్ళి సూది యేయించుకో అమ్మా."

నేను ఒక మాటని మెత్తబరిచాను. ఆ అమ్మాయి ఒక మాటని మెత్తబరిచింది. రెండూ కలిసి ఒకే మాట అయ్యాయి.

గురువారం

ఆ గురువారం అల్లుడు ఆమెని గేటు దగ్గర దింపి పనికి వెళ్ళిపోయాడు. లోపలికి ఇతరుల్ని రానివ్వని రోజులు. కింద హాల్లో టీకాల కోసం జనం దూరం దూరంగా నిలబడి ఉన్నారు. రత్నమ్మగారికి మెట్లు అలవాటు. నేరుగా పైకి వచ్చేశారు.

నా పదకొండు గంటల పేషెంటు అప్పుడే ఫోన్ చేసి రానన్నాడు. తలుపు దగ్గర ఆమెని చూసి, భుజం మరీ బాధపెడుతోందేమో, ముందే వచ్చేశారు అనుకున్నాను. ఆమెకి కింద టీకా ఉందన్న సంగతి నాకు తెలుసు. ఆ రోజేనని తెలీదు. అడిగాను కూడా.

"సూది అయిందాండీ?" మాస్కులోంచి నా గొంతు ఆమెకి ఎలా వినపడిందో.

"ఆఁ, దానికే వచ్చానమ్మా" అన్నారు.

అయ్యిందని విన్నాను నేను. ఆమె అన్నది మాత్రం దానికే వచ్చానని. ఇది ఆ రోజునుంచి నా బుర్రలో ఎన్నిసార్లు తిరిగిందో లెక్కలేదు.

పడుకోబెట్టాను. ఎప్పటిలాగే ఆమె కళ్ళు మూసుకుని పెదాలు కదిలించి ప్రార్థన చేసుకున్నారు. భుజం చుట్టూ నాలుగు సూదులు, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండలో ఒకటి పెట్టాను. తీసేశాక భుజంమీద ఒకచోట చిన్న చుక్క రక్తం కనిపించింది. దూది ఒత్తి, పైన టేపు వేశాను.

"కదలకుండా పదిహేను నిమిషాలు కూర్చోండి" అన్నాను. ప్యాట్సీ పడినప్పటినుంచి అందరికీ చెప్పే మాటే అది.

"మళ్ళీ రావాలా?"

"నాలుగు వారాలకి రండి." అప్పటిదాకా నా పుస్తకంలో ఖాళీ లేదు, అంతే.

కింద టీకా వేయించుకున్నవాళ్ళకి చెప్పేదీ అవే రెండు మాటలని నాకు తట్టలేదు. పదిహేను నిమిషాలు కూర్చోండి. నాలుగు వారాలకి రండి.

ఆ మధ్యాహ్నం సునీత వీడియో కాల్ చేసింది. తల్లి భుజంమీద దూది చూపించింది. "డాక్టరమ్మ సల్లగా యేసింది, నొప్పే లేదు" అంది. కూతురు అక్కడే ఏడ్చేసిందట, సంతోషంతో.

కింద డెస్క్ దగ్గర

నాలుగు వారాలకి రత్నమ్మగారు వచ్చారు. తలుపులోంచి వస్తుంటేనే తెలిసింది, కండువా లేదు. తెల్లటి జుట్టు నున్నగా దువ్వి ముడి వేసి ఉంది.

"మా సునీత ఇంటికొచ్చేసిందమ్మా. పన్నెండు రోజులయింది" అన్నారు.

"అయితే ముడి సునీత వేసిందన్నమాట."

"మొదటి నాలుగు రోజులు అదేసింది. ఇప్పుడు చూడు." కుర్చీలో కూర్చుని, ముడి పిన్నులు లాగేసి, రెండు చేతులూ వెనక్కి పోనిచ్చి, మళ్ళీ మెలిపెట్టి ముడి వేసేశారు. ఎడమ చెయ్యి కొంచెం వణికింది కానీ పూర్తిగా లేచింది. నేను చప్పట్లు కొట్టాను. ఆమె చిన్నపిల్లలా నవ్వారు. ఆ నిమిషంలో నా అంత గొప్ప వైద్యురాలు ఐర్లండ్‌లో లేదనుకున్నాను.

ఆమెని పంపేసి, కప్పు కడుక్కుందామని కిందికి దిగాను. రిసెప్షన్‌లో ఉండే బర్నీ పలకరించింది.

"నీ దగ్గరకొచ్చే ఆ ఇండియన్ ఆవిడ, భుజం ఆవిడ, ఎలా ఉంది? టీకాకి రానేలేదు. ఇంటికి రెండుసార్లు ఫోన్ చేశాను. యెస్ డాక్టర్, థాంక్యూ డాక్టర్ అంటుంది, అంతే. అపాయింట్‌మెంట్ మార్చుకుంటుందేమో అనుకున్నాను."

"ఏ రోజు?" అన్నాను.

బర్నీ చెప్పింది. నాలుగు వారాల కిందటి గురువారం. పదకొండు గంటలు.

నేను అక్కడే మెట్లమీద కూర్చుండిపోయాను. దూది, టేపు, పదిహేను నిమిషాలు, నాలుగు వారాలు, అన్నీ ఒక్కొక్కటే వచ్చి కూర్చున్నాయి. పన్నెండు రోజులుగా సునీత ఆ వృద్ధాశ్రమంలో పనిచేసి, సాయంత్రం ఇంటికి వెళ్ళి, ఏ రక్షణా లేని తల్లి జుట్టు దువ్వుతోంది.

దాచను, ఒక్క క్షణం నాకు వేరే ఆలోచన వచ్చింది. బర్నీతో చెప్పి రేపే టీకా వేయించేస్తే ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు కదా అని. ఆమె చెయ్యి లేచింది, కూతురు ఇంటికొచ్చింది, ఇంతవరకూ ఎవరికీ జబ్బు రాలేదు. నిజం చెబితే మౌరా మోకాలికి ఏమయిందో గుర్తొచ్చింది. అదే గుర్తొచ్చినప్పుడు నోరీన్ మాట కూడా గుర్తొచ్చింది. ఇది నా భుజం కాదు, ఆమె మా అమ్మా కాదు. పైకి వెళ్ళి సునీతకి ఫోన్ చేశాను.

చెప్పాను.

"నేను దూది చూశాను ఆంటీ. వీడియోలో."

"అది నేను పెట్టిన దూదమ్మా."

"నిన్న అమ్మ పక్కలోనే పడుకున్నాను. అది టీకా కాదని మీరెందుకు చెప్పలేదు ఆంటీ? ఒక్క మాట. ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది."

"నాకు తెలీదమ్మా" అన్నాను. అది నిజమే, కానీ జవాబు కాదు. తరవాత ఆ అమ్మాయే అంది, "నేను మాత్రం వ్యాక్సిన్ అని ఎందుకు చెప్పలేదు! భయపడుద్దని సూది సూది అన్నాను." ఇద్దరం ఫోన్లో ఏడ్చుకున్నాం. నాకు దుఃఖం కన్నా సిగ్గు ఎక్కువగా ఉంది.

సునీత ఆ సాయంత్రమే బట్టలు సర్దుకుని మళ్ళీ ఆ నర్సుల ఇంటికి వెళ్ళిపోయింది. తల్లీకూతుళ్ళిద్దరికీ పరీక్షలు చేయించారు. ఏమీ లేదని వచ్చింది. అది మా గొప్ప కాదు, అదృష్టం. దీన్ని చదివి, ఏమీ కాలేదు కదా అని ఎవరూ అనుకోవద్దు. ముఖం కనపడనప్పుడు, భాష ఇద్దరిదీ ఒకటే అయినప్పుడు, మనకి అర్థమైపోయిందనుకుంటాం. ఇంగ్లీషులో మాట్లాడి ఉంటే నేను రెండుసార్లు అడిగేదాన్ని. తెలుగు కాబట్టి అడగలేదు.

పదిహేను నిమిషాలు

మరుసటి వారం జీపీ రత్నమ్మగారికి టీకా సమయం ఇచ్చింది. భాష సాయానికి నన్ను పక్కన కూర్చోనిచ్చారు. ఆమె తలకి మళ్ళీ కండువా. ఎడమ చెయ్యి ఒళ్ళో ముడుచుకుని ఉంది. ఎత్తమంటే మళ్ళీ చెవిదాకా కూడా రాలేదు. ఆరు రోజుల్లో, అంత సులువుగా లేచిన చెయ్యి.

నర్సు టీకా వేసి, పదిహేను నిమిషాలు కూర్చోమని చెప్పి వెళ్ళింది. హాల్లో కుర్చీలు దూరం దూరంగా వేసి ఉన్నాయి. గోడ గడియారం టిక్కుటిక్కుమంటోంది. మేమిద్దరం మధ్యలో ఒక కుర్చీ వదిలి కూర్చున్నాం. నేను మాస్కులోంచే క్షమించమని అడిగాను.

"ఎందుకమ్మా, నువ్వేం జేశావు" అన్నారామె. "దీంట్లో మందుందా?" అని భుజం చూపించారు.

"ఉందండీ."

"మరి నీ సూదిలో?"

ఈసారి మాట మెత్తబరచలేదు. "ఏమీ లేదండీ. ఉత్త సూది."

ఆమె తల ఊపారు. ఆశ్చర్యపోయినట్టు లేదు. అది చూసి నాకు ఒక అనుమానం వచ్చింది, ఇప్పటికీ పోలేదు. ఆ గురువారం కింద అంతమంది టీకాలకి నిలబడి ఉంటే, వాళ్ళని దాటుకుని పైకి వచ్చిన మనిషికి నిజంగా తెలీదా? టీకా అంటే భయం, కూతురంటే ప్రాణం, పైన భయంలేని సూది ఒకటి ఉంది. తెలిసే వచ్చారా? లేక మెట్లు అలవాటై వచ్చారా? అడుగుదామని నోరు తెరిచాను.

"మీకు ఆ రోజు..."

"మా సునీత పన్నెండు రోజులు నా తల దువ్వింది" అన్నారు రత్నమ్మగారు, నా మాటకి అడ్డం వచ్చి. "నీ సూది పడబట్టే గదా అది ఇంటికొచ్చింది. ఏం లేదంటావేందమ్మా?"

హారికా, నువ్వు అడిగింది కూడా ఇదే. యెస్సా, నోనా. ఆమెకి ఏదో ఒకటి చెప్పాలని గడియారం వంక చూస్తూ ఆలోచించాను. సూది వల్లా, కూతురి వల్లా, ప్రార్థన వల్లా, దానంతట అదేనా? పదిహేను నిమిషాలూ గడిచిపోయాయి. నర్సు వచ్చి, ఇంక వెళ్ళొచ్చంది. రత్నమ్మగారు లేచి, కుడి చేత్తో ఎడమ చెయ్యి పట్టుకుని, "వచ్చే గురువారం నీకు ఖాళీ ఉందా డాక్టరమ్మా?" అని అడిగారు.

నేను పైకి వెళ్ళి ఆమె పేరు రాసుకున్నాను.